కాన్పుతో ముగియని రక్తపుపోటు

సూరతు నగరమునకు దక్షిణమున, ఉధ్నా దాటి సచిన్ వైపు పోవు దారిలో ఉన్ అను ప్రాంతము కలదు. ఆ చుట్టుపట్ల మరమగ్గముల చప్పుడు నిరంతరము వినవచ్చుచుండును. ఆ పనికై తెలంగాణమునుండి తరలివచ్చి సూరతులో స్థిరపడిన పద్మశాలి కుటుంబములు అనేకము. ఇట్టి ఇంటి కోడలు గర్భవతియైనచో తొలి నెలల పరీక్షలు సూరతులో జరుగును. నెలలు నిండుచుండగా ఆమె పురిటికి పుట్టింటికి పోవును. బిడ్డ నెత్తుకొని తిరిగి వచ్చునప్పటికి వైద్యుల కాగితములు అక్కడ కొన్ని, ఇక్కడ కొన్ని మిగులును. వానిలోని ఒక అంకె ఆమె గుండెకు సంబంధించినది కావున ఈ చిన్న సంగతిని ముందుగా చెప్పవలసి వచ్చినది.

గర్భము 20 వారములు దాటిన పిమ్మట రక్తపుపోటు 140/90గాని, అంతకు మించిగాని ఉండి, మూత్రమున మాంసకృత్తులు పోవుచున్నచో దానిని ప్రీ-ఎక్లాంప్సియా అందురు. ముదిరినచో మూర్ఛలు వచ్చును; మన పెద్దలు గుర్రపువాతమని భయపడినది దీనికే. కాన్పైన కొన్ని వారములకు పోటు సాధారణముగా దిగిపోవును. గండము గడిచినదని ఇంటిల్లిపాదియు ఊరట చెందుదురు. కాని 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన పరిశీలన ప్రకారము, ఈ వ్యాధి సోకిన స్త్రీలకు తరువాతి కాలమున స్థిరమైన రక్తపుపోటు వచ్చు అవకాశము ఇతరులకంటె దాదాపు నాలుగు రెట్లు. గుండెకు రక్తము నందించు నాళముల జబ్బు, పక్షవాతము వచ్చు అవకాశము ఇంచుమించు రెండు రెట్లు.

ఇట్లేల జరుగునని శాస్త్రజ్ఞులు జన్యువులలో వెదకుచున్నారు. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వెలువడిన పరిశోధన, ప్రీ-ఎక్లాంప్సియా వచ్చిన 20 వేలకు మించిన స్త్రీలను, రాని లక్షలాది స్త్రీలతో పోల్చి, గర్భకాలపు రక్తపుపోటుతో సంబంధముగల 18 జన్యుస్థానములను గుర్తించినది. ఆంగ్లమున 'మార్కర్' అను మాటను మేము 'గురుతు' అని తెనిగించుచున్నాము. దానిని ఎవరును 'తలవ్రాత' యని చదువరాదు.

ఈ గురుతులలో ఒకటి ప్రత్యేకముగా చెప్పదగినది. మావినుండి తల్లి రక్తములోనికి ఒక మాంసకృత్తు అధికముగా చేరి రక్తనాళముల లోపొరను దెబ్బతీయును. దానికి మూలమైన ఎఫ్.ఎల్.టి.-1 అను జన్యువునకు సమీపమున గల మార్పులు ఈ వ్యాధికి సంబంధించినవని 2017లో తెలిసినది. అవి కనబడినది తల్లియందు కాదు, బిడ్డ జన్యువులయందు! బిడ్డ జన్యువులలో సగము తండ్రివి. కోడలి వంశమును తప్పుపట్టు అత్తగారలు ఈ వాక్యమును మరల నొకసారి చదువుట మంచిది.

అయినను పై పరిశోధనలలో పాల్గొన్నవారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు. ఆ గురుతులు మనకు యథాతథముగా సరిపోవునని చెప్పరాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన కుమారస్వామి తంగరాజ్ ప్రభృతులు 2009లో, గుండె కండరమును బలహీనపరచు ఒక జన్యులోపమును వెల్లడించిరి. అది దక్షిణాసియా వాసులలో సుమారు నూటికి నలుగురియందు కలదు. గర్భకాలపు పోటుతో దానికి ముడిపెట్టలేము గాని, మన గురుతులను మనమే వెదకుకొనవలయునని అది తెలుపుచున్నది. జీనోమ్ ఇండియా పథకము క్రింద దాదాపు 10 వేలమంది భారతీయుల జన్యుసమాచారము 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినది.

కావున నేడు డబ్బు వెచ్చించి జన్యుపరీక్షకై పరుగిడ నక్కరలేదు. రక్తపుపోటు కొలత చాలును. కాన్పు తరువాత కొన్ని దినములవరకు పోటు పెరుగవచ్చును. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, కడుపు పైభాగమున నొప్పి కలిగినచో క్షణమైనను జాగుచేయక ఆసుపత్రికి పోవలయును. 6 నుండి 12 వారములలో మరల కొలిపించుకొని, ఆపైన ఏటేట పోటును, వైద్యుడు చెప్పినప్పుడెల్ల చక్కెరను, క్రొవ్వును చూపించుకొనవలయును. మరుకాన్పునకు ముందే సంగతి వైద్యునకు తెలిపినచో, అవసరమైన యెడల తొలి నెలలలోనే స్వల్పమోతాదు ఆస్పిరిన్ వ్రాయును, స్వయముగా మ్రింగరాదు.

ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు 2016నుండి జరుగుచున్నవి. పురిటికి పోవునప్పుడు తల్లీబిడ్డల కార్డును, గుజరాతులో మమతా కార్డనునదానిని, వెంట తీసికొని పోయి, తిరిగి తెచ్చి, బిడ్డ పెద్దదైన పిమ్మటను దాచియుంచుడు. కార్డు గుజరాతీలో నున్నదను శంక వలదు. 150/100 అను అంకె ఏ ఊరి వైద్యునకైనను అర్థమగును.