అందరి వేదన మోసిన బాలుడు

నొప్పి తెలియని లోకంలో మీ బిడ్డలను పెంచే అవకాశం లభిస్తే కాదనగలరా? అక్కడ ఆకలి లేదు, యుద్ధం లేదు. వృత్తిని, జీవిత భాగస్వామిని పెద్దలే నిర్ణయిస్తారు. అందుకు వదులుకోవలసినవి రంగులు, సంగీతం, గతం. అమెరికా రచయిత్రి లోయిస్ లౌరీ 1993లో వెలువరించిన ‘ద గివర్’ నవలలోని సమాజం అటువంటిది. ఆ దేశపు బాలసాహిత్యంలో ప్రతిష్ఠాత్మకమైన న్యూబెరీ పతకం 1994లో దీనికి లభించింది.

పన్నెండేళ్ల జోనస్ ‘జ్ఞాపకాల స్వీకర్త’గా ఎంపికవుతాడు. జనులు వదిలించుకున్న గతాన్నంతటినీ ఒంటరిగా మోస్తున్న వృద్ధుడు బాలుని వీపుపై చేతులుంచి ఒక్కొక్క జ్ఞాపకాన్నీ అందిస్తాడు. మొదటిది మంచుకొండపై జారుబండి. ఆ పిదప విరిగిన కాలి బాధ, ఆకలి, యుద్ధభూమిలో దాహమంటూ ప్రాణం విడిచే కుర్రవాడు. ఇక్కడ యెషయా గ్రంథం 53వ అధ్యాయం మీకు స్ఫురించకపోదు. అయితే ఒక భేదం ఉంది. ఆ సేవకుని గాయాలు ఇతరులకు స్వస్థతనిచ్చాయి. ఈ వృద్ధుని వేదన ఇచ్చినది మరపు మాత్రమే.

వృద్ధునికి అత్యంత ప్రియమైన జ్ఞాపకం దీపాలతో అలంకరించిన చెట్టు, తాతామామ్మల సమక్షంలో ఒక కుటుంబపు పండుగ. అది ఏ పండుగో మనకు తెలుస్తూనే ఉంటుంది. ఆ రాత్రి జోనస్ తల్లిదండ్రులను “మీరు నన్ను ప్రేమిస్తున్నారా?” అని అడిగితే, అర్థం లేని మాట వాడావని వారు నవ్వుతారు.

‘విడుదల’ అనే మాట మన క్రైస్తవ సభలలో ఎంత ఆదరణగా వినిపిస్తుందో మీకు తెలుసు. ఈ సమాజంలోనూ అటువంటి మాటే ఉంది. వృద్ధులను, బలహీన శిశువులను ‘విడుదల’ చేస్తారు. ఎక్కడికని ఎవరూ అడగరు. ఒకనాడు జోనస్ తెరపై చూస్తాడు: తన తండ్రే, కవలలలో బరువు తక్కువైన శిశువును ముద్దుమాటలతో లాలిస్తూ నుదుటి నరంలోకి సూది గుచ్చి చంపుతాడు. ఆయన క్రూరుడు కాడు. తాను చేసినదేమిటో గ్రహించే హృదయం ఆయనకు లేదు, అంతే. ఈ దృశ్యం పిల్లలకు తగదని అమెరికాలో కొందరు పెద్దలు గ్రంథాలయాల నుండి పుస్తకాన్నే తొలగించమన్నారు. నవలలోని పెద్దల ఆలోచనా అదే కదా!

తరువాత చావవలసిన పసివాని పేరు గేబ్రియల్. మరియకు శుభవార్త తెచ్చిన దూత పేరే అది. జోనస్ అంటే యోనా. దేవుని పిలుపును తప్పించుకోజూసి ఆ ప్రవక్త పారిపోయాడు. ఈ బాలుడు పసివానిని సైకిలుపై తీసుకొని పారిపోవడమే జనులకు రక్ష. అతడు దూరమైన కొద్దీ, మోసిన జ్ఞాపకాలు వారికి తిరిగి చేరుతాయి, బాధతోపాటు ప్రేమ కూడా.

చివరకు మంచు కురిసే కొండ. ఆకలితో, చలితో సొమ్మసిల్లుతూ అతడు పసివానిని గుండెకు హత్తుకుని జారుబండి ఎక్కుతాడు. దిగువన కిటికీలలో రంగురంగుల దీపాలు. ఎక్కడో పాట వినిపిస్తున్నట్లుంటుంది. వారు చేరారో లేదో రచయిత్రి తేల్చి చెప్పరు.