మీకు తెలుసా? మైకుసెట్టు 'గుయ్' గుట్టు కండెన్సర్‌లో!

కేతేపల్లిలో బతుకమ్మ పాట ఇంకా మొదలే కాలేదు, ఆంప్లిఫయర్ అప్పుడే 'గుయ్య్' అంటోందా? ఆ మోత 100 హెర్ట్జ్! కరెంటును నున్నగా చేయాల్సిన పెద్ద కండెన్సర్ ముసలిదైందన్నమాట!

ఆ డబ్బాలో కరెంటును ఆపే పొర మందం ఎంతనుకున్నారు? వోల్టుకు దాదాపు 1.4 నానోమీటర్లు! తల వెంట్రుక దాని ముందు పెద్ద దూలం!

ఇంకో వింత! ఏళ్ల తరబడి మూలన పడేస్తే ఆ పొర పాడవుతుంది. కరెంటు కొద్దికొద్దిగా ఇస్తే? మళ్లీ తనంతట తానే పెరుగుతుంది! అందుకే పాత సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకండి. 60 వాట్ల పాతకాలం బల్బును సిరీస్‌లో కలపండి. ఎల్‌ఈడీ పనికిరాదు! బల్బు ఒక్కసారి వెలిగి మసకబారిందా? శుభం! వెలుగుతూనే ఉందా? లోపల ఎక్కడో షార్టు! సెట్టు కాలకుండా బల్బే కాపాడింది!

కండెన్సర్ తల మీది గాట్లు అందానికి అనుకున్నారా? కాదు! గ్యాస్ పుడితే పేలకుండా అక్కడే చీలాలని! తల ఉబ్బితే తీసేయండి. ఉబ్బకపోయినా నమ్మకండి, మీటరు పెట్టండి. 2200 మైక్రోఫారడ్లు అని రాసి ఉన్న చాలా కండెన్సర్లలో 1760 చూపించినా కంపెనీ లెక్కలో అది మంచిదే!

వేడి 10 డిగ్రీలు పెరిగితే చాలు, దాని ఆయుష్షు దాదాపు సగం! మే నెలలో రేకుల షెడ్డులో ఉన్న మైకుసెట్టు గతి ఊహించుకోండి!

ప్లగ్గు పీకేశాం, ఇక భయం లేదంటారా? ఆగండి! కొత్త రకం పవర్ సప్లైలో కండెన్సర్ 325 వోల్టులు పట్టుకుని కూర్చుంటుంది! స్క్రూడ్రైవర్‌తో చిటుక్కుమనిపించే సరదా వద్దు. ఆ పాత బల్బునే కండెన్సర్ రెండు కాళ్ల మధ్య పెట్టండి, దిగిపోతుంది. మీటరుతో చూశాకే చెయ్యి పెట్టండి!

ఇది వినండి! 1935లో హైదరాబాద్‌లో మొదలైన డెక్కన్ రేడియో ట్రాన్స్‌మిటర్ శక్తి ఎంత? 200 వాట్లే! నేటి బరాత్‌లో ఒక్క డీజే ఆంప్లిఫయరే అంతకన్నా గట్టిది!

కొత్త కండెన్సర్ కావాలా? 65వ నంబరు రోడ్డెక్కి హైదరాబాద్ పోండి, కోఠిలో గుజరాతీ గల్లీ! 25 వోల్టులది పోతే 35 వేయొచ్చు. 16 మాత్రం వద్దే వద్దు! చార ఉన్న కాలు మైనస్. తిరగేసి అతికించారో, టప్‌మంటుంది!