గడ్డి కోత యంత్రాలు, చిన్న ఇంజిన్లకు ఇంధన ఎంపిక - ఇ20 పెట్రోలు నేపథ్యంలో పాటించవలసిన మెలకువలు

ఉపోద్ఘాతం

హైదరాబాదు నగరంలోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాలలో పచ్చిక బయళ్ళ విస్తీర్ణం స్వల్పం. అపార్ట్‌మెంట్ల ఆవరణలు, విద్యాసంస్థల ప్రాంగణాలు, చేరువలోని ఇందిరా పార్కు వంటి ఉద్యానాలు మినహా గడ్డి కోత యంత్రానికి ఇక్కడ పెద్దగా పని లేదు. అయితే ఆ పని లేకపోవడమే యంత్రానికి చేటు తెస్తుంది. తొలకరి తరువాత గరిక వేగంగా పెరిగే కాలంలో యంత్రం తరచుగా నడుస్తుంది. పెరుగుదల మందగించే చలికాలంలో వారాల తరబడి మూలన ఉండిపోతుంది. ట్యాంకులోని పెట్రోలు కూడా దానితోపాటే నిలువ ఉంటుంది.

గ్రామాలలో రైతులు వాడే తైవాన్ స్ప్రేయరు, బ్రష్ కట్టరు, పవర్ వీడరు, చైన్ రంపం పరిస్థితి కూడా ఇదే. పురుగు ఉధృతమైన రోజున స్ప్రేయరు స్టార్టు కాకపోతే నష్టం మరమ్మతు ఖర్చుతో ఆగదు. మందు పిచికారీ చేయవలసిన అదను దాటిపోతుంది. పెట్రోలులో ఇథనాల్ పాలు పెరిగిన నేటి స్థితిలో చిన్న ఇంజినుకు ఇంధనాన్ని ధరనుబట్టి గాని, ఆక్టేన్ సంఖ్యనుబట్టి గాని ఎంచుకోవడం చాలదు. ఇంజిను రకం, ఇంధనం ట్యాంకులో నిలువ ఉండే కాలం అనే రెండు అంశాలను ఆధారం చేసుకొని నిర్ణయించవలసి ఉంటుంది.

పెట్రోలులో వచ్చిన మార్పు

మన దేశంలో 2003 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాలలో 5 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సరఫరా ప్రారంభమైంది. 2022 జూన్ నాటికి దేశ సగటు 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఎంపిక చేసిన బంకులలో 20 శాతం ఇథనాల్ గల ఇ20 పెట్రోలు విక్రయం మొదలైంది. 2030కి నిర్ణయించిన 20 శాతం లక్ష్యం ముందుకు జరిగి 2025లోనే నెరవేరింది. ఈ మార్పుకు అనుగుణంగా కొత్త వాహనాలను రూపొందిస్తున్నారు. కాని రైతుల వద్ద, తోటమాలుల వద్ద ఉన్న చిన్న ఇంజిన్లలో అధిక భాగం కార్బ్యురేటరుతో పనిచేసేవే. పలు కంపెనీల వినియోగదారుల పుస్తకాలలో ఇథనాల్ 10 శాతానికి మించరాదనే సూచన కనిపిస్తుంది. అమెరికాలో సైతం 15 శాతం ఇథనాల్ గల పెట్రోలును 2001 తరువాతి కార్లకు అనుమతించిన పర్యావరణ సంస్థ, గడ్డి కోత యంత్రాలకు, చైన్ రంపాలకు దానిని అనుమతించలేదు.

ఇథనాల్ వలన ఇంజినులో కలిగే ప్రభావాలు

మొదటిది, గాలి-ఇంధన నిష్పత్తిలో మార్పు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి అవసరం. ఇథనాలుకు 9 కిలోలు సరిపోతుంది, ఎందుకనగా దానిలోనే ఆక్సిజన్ ఉంది. ఇ20 పెట్రోలుకు సుమారు 13.5 కిలోలు చాలును. కారులోని ఎలక్ట్రానిక్ నియంత్రణ ఈ తేడాను గుర్తించి ఇంధనాన్ని పెంచుతుంది. రంధ్రం కొలత మారని జెట్ గల కార్బ్యురేటరుకు ఆ శక్తి లేదు. ఫలితంగా మిశ్రమం పలుచనై, ఇంజిను ఎక్కువగా వేడెక్కుతుంది. గాలితో చల్లబడే చిన్న ఇంజినుకు మే నెల ఎండలో ఇది అదనపు భారం.

రెండవది, శక్తిలో తగ్గుదల. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉండగా, ఇథనాలులో సుమారు 21 మెగాజౌళ్ళు ఉంటుంది. కావున లీటరు ఇ20 పెట్రోలులో శక్తి 6 నుండి 7 శాతం తక్కువ. అదే పనికి ఇంధనం కొద్దిగా ఎక్కువ ఖర్చు కావడం యంత్ర లోపం కాదని వినియోగదారునికి తెలియజేయాలి.

మూడవది, పదార్థాలపై ప్రభావం. ఇథనాలుకు తట్టుకోని రబ్బరు గొట్టాలు, డయాఫ్రం, ప్రైమర్ బల్బు ఉబ్బి, క్రమేణ గట్టిపడి పగులుతాయి. తేమతో కూడిన ఇథనాల్ వలన కార్బ్యురేటరు లోహ భాగాలకు తుప్పు పడుతుంది.

నాలుగవది, నీటితో చేరిక. ఇథనాల్ నీటిని ఇముడ్చుకుంటుంది. పరిమితి దాటినపుడు నీరు, ఇథనాల్ కలిసి ప్రత్యేక పొరగా ట్యాంకు అడుగుకు చేరుతాయి. 10 శాతం ఇథనాల్ గల పెట్రోలు సాధారణ ఉష్ణోగ్రతలో లీటరుకు సుమారు 5 మి.లీ. నీటిని మాత్రమే ఇముడ్చుకోగలదు. ఇ20 పెట్రోలు అంతకంటె ఎక్కువ నీటిని ఓర్చుకుంటుంది. అందువలన మూత గట్టిగా ఉన్న డబ్బాలో గాలి తేమ ఒక్కటే పొరలు విడిపోవుటకు దారితీయడం అరుదు. మూత వదులైన ట్యాంకులోకి దిగే వాన నీరు, నీటి చుక్కలు మిగిలిన డబ్బాలో పెట్రోలు పోయడం అసలు కారణాలుగా గుర్తించాలి.

ఇంజిను రకాన్నిబట్టి ఎంపిక

నాలుగు స్ట్రోకుల ఇంజినులో కందెన నూనె విడిగా ఉంటుంది కనుక తాజా ఇ20 పెట్రోలు వలన తక్షణ ప్రమాదం తక్కువ. తయారీదారు ఇ20కి అనుమతిస్తే నిస్సంకోచంగా వాడవచ్చును. పుస్తకంలో 10 శాతం పరిమితి ఉన్నట్లయితే అధీకృత విక్రేత వద్ద ఇథనాలుకు తట్టుకొనే గొట్టాలు, గాస్కెట్లు, తగిన జెట్ లభించునేమో విచారించి మార్పించుకొనుట మేలు.

రెండు స్ట్రోకుల ఇంజినుకు పెట్రోలులో కలిపిన 2టి నూనె తప్ప వేరే కందెన లేదు. 50:1 నిష్పత్తికి లీటరు పెట్రోలులో 20 మి.లీ., 25:1 నిష్పత్తికి 40 మి.లీ. నూనె కలపాలి. ఏ నిష్పత్తి అన్నది యంత్రం పుస్తకమే నిర్ణయిస్తుంది, అంచనాతో పోయరాదు. ట్యాంకులో పొరలు విడిపోయినపుడు 2టి నూనె పై పొరలోని పెట్రోలులోనే ఉండిపోతుంది. అడుగునుండి లాగే గొట్టం నూనె లేని నీరు-ఇథనాల్ మిశ్రమాన్ని ఇంజినుకు అందిస్తుంది. అట్టి మిశ్రమంతో ఇంజిను నడిచినట్లయితే పిస్టను సిలిండరుకు పట్టివేస్తుంది. కనుక మిశ్రమాన్ని పొడి డబ్బాలో, కొద్ది పరిమాణంలో తయారుచేసి, ప్రతిసారి కుదిపిన తరువాతనే పోయాలి. స్పార్కు ప్లగ్గు లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్లు. తెల్లబడితే పలుచనైనట్లు భావించి కార్బ్యురేటరును సరిచేయించాలి.

పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌తో నడిపే పాత పంపుసెట్లు తక్కువ సంపీడన నిష్పత్తితో అందుకు ప్రత్యేకంగా రూపొందినవి. వాటిని చూసి పెట్రోలు ఇంజినులో కిరోసిన్ కలపడం పొరపాటు. కిరోసిన్ పూర్తిగా ఆవిరి కాక క్రాంకుకేసు నూనెను పలుచన చేస్తుంది. ఇంజినులో మసి పేరుకుంటుంది.

అధిక ఆక్టేన్ పెట్రోలు చిన్న ఇంజినుకు అదనపు బలమివ్వదు. వీటి సంపీడన నిష్పత్తి సాధారణంగా 8 నుండి 9 మధ్య ఉంటుంది కనుక మామూలు పెట్రోలు ఆక్టేన్ సంఖ్యయే సరిపోతుంది. ధర ఎక్కువైనంత మాత్రాన అది ఇథనాల్ లేని పెట్రోలని భావించరాదు.

ఇథనాల్ శాతాన్ని గుర్తించే సులభ పరీక్ష

100 మి.లీ. కొలజాడీలో 90 మి.లీ. పెట్రోలు, 10 మి.లీ. నీరు పోసి, మూత బిగించి కుదిపి, పది నిమిషాలు నిలువ ఉంచాలి. ఇథనాల్ నీటిలోకి చేరి అడుగు పొర పెరుగుతుంది. అడుగు పొర 10 మి.లీ. వద్దనే ఉంటే ఇథనాల్ లేనట్లు. సుమారు 19 మి.లీ. ఉంటే 10 శాతం, సుమారు 28 మి.లీ. ఉంటే 20 శాతం ఉన్నట్లు గ్రహించాలి. పరీక్షను ఆరుబయట, నిప్పుకు దూరంగా నిర్వహించాలి. ఈ పద్ధతిలో ఇథనాల్ తొలగించి మిగిలిన పెట్రోలును ఇంజినులో వాడరాదు. దానిలో నీటి శేషం ఉండిపోవడమే గాక ఆక్టేన్ సంఖ్య కూడా పడిపోతుంది.

నిలువలో జాగ్రత్తలు

నిలువ ఉన్న పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే అంశాలు ముందుగా తొలగిపోయి స్టార్టింగు కష్టమవుతుంది. మిగిలినది గాలితో చర్య పొంది జిగురుగా మారి జెట్ సన్న రంధ్రాన్ని మూసివేస్తుంది. కావున రెండు, మూడు వారాలకు సరిపోయే పెట్రోలునే కొనాలి. డబ్బాపై కొన్న తేదీ వ్రాయాలి. నెల దాటిన ఇంధనాన్ని చిన్న ఇంజినులో పోయరాదు. యంత్రాన్ని నెలకు మించి పక్కన పెట్టవలసి వస్తే ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటరులోని ఇంధనం అయిపోయి ఇంజిను తానే ఆగేవరకు నడపాలి. వేడి ఇంజినులో పెట్రోలు పోయక, చల్లబడే వరకు ఆగాలి.

ముగింపు

విస్తరణ శాస్త్రవేత్తలు యంత్ర ప్రదర్శనలలో ఇంజిను శక్తి, ధర, రాయితీలతోపాటు ఇంధన పరిమితిని కూడా వివరించుట నేటి అవసరం. కొనేముందు "ఈ యంత్రం ఎంత శాతం ఇథనాలుకు అనువైనది?" అని రైతు అడిగేలా చేయగలిగితే అనేక మరమ్మతులు తప్పుతాయి. చిక్కడపల్లిలోని అపార్ట్‌మెంటు ఆవరణ వంటి కొద్దిపాటి పచ్చికకైతే చేతితో నెట్టే కోత యంత్రం గాని, విద్యుత్తుతో నడిచేది గాని ఎంచుకొనుట ఉత్తమం. ఏడాదిలో కొన్ని గంటలు మాత్రమే నడిచే పెట్రోలు ఇంజిను పనిచేసినప్పటి అరుగుదలకంటె ఖాళీగా ఉన్నప్పటి ఇంధనం వలననే ఎక్కువగా చెడిపోతుంది.