మెడపట్టు, నడుమునొప్పి

పొందూరు సన్నఖద్దరును చూచి మెచ్చుకొననివారుండరు. ఆ నూలు వడకిన స్త్రీల మెడలను, నడుములను గూర్చి తలచినవారు మాత్రము కొలదిమందియే. శ్రీకాకుళపు సీమలోని యీ గ్రామమున మొదట ప్రత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వుదురు. పిమ్మట గింజ విడదీసి, దూదిని ఏకి, ఏకులు చుట్టి, అరటిదొప్పలో భద్రపరచి, ఒంటికదురు రాట్నముపై వడకుదురు. ఇదంతయు నేలపై గూర్చుండి, తలవంచి, గంటలతరబడి చేయవలసిన పని. పలాసలో జీడిపప్పు ఒలిచి యేరు స్త్రీల స్థితియు నిట్టిదే. వరినాట్ల దినములలో నడుము వంచిన తల్లుల సంగతి చెప్పనేల? ఇక సెల్‌ఫోనుపై వంగిన మన కుమార్తెల మెడలు ఏ పనియు లేకయే ఆ బాధను కొని తెచ్చుకొనుచున్నవి!

ఈ బాధ మన జిల్లాలకే పరిమితమైనది కాదు. 2020లో లోకమున 61 కోట్ల 90 లక్షలమంది నడుమునొప్పితో బాధపడిరనియు, వారిలో స్త్రీలే యధికులనియు లెక్కలు చెప్పుచున్నవి.

కారణము తెలిసికొనుట కష్టము కాదు. నీళ్ల బిందెను చంకన పెట్టుకొని నడచుట సులభము. దానినే చేయి చాచి పట్టుకొన్నచో నిమిషమైన నిలువలేము. సుమారు 5 కిలోల బరువుగల మన తలయు నట్టిదే. మెడపై నిటారుగా నున్నంతవరకు దాని భారము తెలియదు. ముందునకు వంగిన కొలది వెనుకనున్న కండరములు దానిని లాగిపట్టి యుంచవలసి వచ్చును. అవి యలసి బిగిసిపోవుటయే మెడపట్టు.

పూర్వము నడుము పట్టినప్పుడు మంచమెక్కి కదలకుండుటయే మందనుకొనిరి. ఇప్పటి వైద్యులు దీని నంగీకరింపరు. నొప్పి తీవ్రముగా నున్న యొకటి రెండు దినములు కొంత విశ్రమింపవచ్చును గాని, పిమ్మట మెల్లగా తిరుగాడుచు, శక్తి కొలది పనులు చేసికొనుచుండుటయే మేలు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన సూచనలును, దీర్ఘకాలపు నడుమునొప్పికి వ్యాయామమును ముఖ్యసాధనముగా జెప్పి, నడుముపట్టీలు సాధారణముగా వాడవలదన్నవి.

వ్యాయామమనగానే మన ప్రాంతమువారికి కోడి రామమూర్తినాయుడు గారు గుర్తునకు వత్తురు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున పెరిగి, అచ్చటి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులై, 1942లో మరణించిన యా మల్లుని పేర నేడు శ్రీకాకుళమున క్రీడాప్రాంగణము గలదు. ఆ కాలపు గరిడీలన్నియు మగపిల్లలవే. ఆడపిల్లకు రోలు, రోకలి, తిరుగలి చాలుననిరి. అవి చేతులకు బలమిచ్చిన మాట నిజమే గాని, వంగిన వెన్నును వెనుకకు దీయు పని వానిలో లేదు.

ఆ పనికి పావుగంట చాలును. నిటారుగా గూర్చుండి, ఎదుటికి చూచుచు, తల వంచక గడ్డమును మెల్లగా వెనుకకు లాగి, అయిదు లెక్కించి విడువుడు. ఇట్లు పదిమారులు. భుజములను చెవులవైపు ఎత్తి, వెనుకకు త్రిప్పి దింపుడు. పిమ్మట ఇల్లలుకునప్పటివలె చేతులు, మోకాళ్లు నేల నాన్చి, ఊపిరి విడుచుచు వెన్నును పిల్లివలె పైకెత్తి, ఊపిరి తీయుచు క్రిందికి దింపుడు. తుదకు వెల్లకిల పరుండి, మోకాళ్లు మడిచి, పిరుదులను కొంచెము పైకెత్తి, అయిదు లెక్కించి దింపుడు. కండరములు కొంచెము లాగినట్లుండిన భయము లేదు. పోటు పొడిచినచో ఆపుడు. నిండు గర్భిణులు మాత్రము వెల్లకిల పరుండి చేయునది మానవలెను.

వడకువారు కదురు నిండిన ప్రతిమారు లేచి నాలుగడుగులు నడువవలెను. పని చెడునని అత్తగారు గొణిగినను సరే!

ఇక మర్దనము. గోరువెచ్చని నువ్వులనూనెతో వెన్నెముకకు ఇరుప్రక్కలనున్న కండరములను అరచేతితో రాచవలెను, ఎముకపై నొక్కరాదు. వావిలాకు కాచిన వేడినీళ్ల స్నానమును, ఉప్పుమూట కాపడమును హాయి గొల్పును. మూటవేడిని ముందుగా మీ ముంజేతిపై చూచుకొనుడు. మధుమేహమువలన స్పర్శ తగ్గినవారికి కాపడము పెట్టరాదు, చర్మము కాలినను వారికి తెలియదు. ఎదురుకాళ్లతో పుట్టినవారిచే నడుము తన్నించుకొను వాడుక మన పల్లెలలో గలదు. చిన్నబిడ్డ పాదము మెల్లగా తాకించిన నష్టము లేదు గాని, ముట్లుడిగి యెముకలు పలుచబడిన ముసలమ్మను పెద్దవాడు తన్నుట ప్రమాదకరము. మెడను చటుక్కున త్రిప్పి చిటుక్కుమనిపించుట యంతకంటెను చెడ్డది. అట్లు చేసినప్పుడు మెదడునకు రక్తము గొనిపోవు నాళము చీలి పక్షవాతము వచ్చిన సందర్భములు వైద్యులెరుగుదురు.

కొన్ని లక్షణములు కనబడినప్పుడు మర్దనముతో కాలయాపన చేయరాదు. కాలుగాని చేయిగాని సత్తువ తప్పుట, తొడలనడుమ తిమ్మిరి యెక్కుట, మూత్రము పట్టుదప్పుట, నొప్పితోపాటు జ్వరము వచ్చుట, కారణము లేక చిక్కిపోవుట, పడిన పిమ్మట నొప్పి పుట్టుట — వీనిలో నేదియున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇవేవియు లేకున్నను ఆరువారములలో తగ్గని నొప్పిని వైద్యునికి చూపి, ఫిజియోథెరపీ తెలిసినవారివద్ద తమకు తగిన వ్యాయామము నేర్చుకొనుట మంచిది. ఇంటిలో నందరికి వడ్డించిన పిమ్మట మిగిలిన ప్రొద్దున పోవుదమనుకొన్నచో ఆ ప్రొద్దు దొరకదు; పోవు దినమును ముందే యింటివారికి చెప్పి, ఆ పూట వంట మరియొకరి కప్పగించుడు.