ఓటుకు రానివారి మాట

1992వ సంవత్సరం ఫిబ్రవరి 29, మార్చి 1 తేదీలలో బోస్నియా - హెర్జెగొవీనా రిపబ్లిక్కులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. యుగోస్లావియా నుండి విడివడి, సమానులైన పౌరులూ సమానమైన జాతులూ గల స్వతంత్ర రాజ్యంగా బోస్నియా నిలువవలెనా అన్నది ప్రజల ముందుంచిన ప్రశ్న. ఓటు వేసినవారిలో నూటికి 99 మందికి పైగా 'ఔను' అన్నారు. ఒక్క కుటుంబంలోనైనా ఇంతటి ఏకవాక్యత అరుదు. ఈ అంకె ఒక్కటే చూచినవారికి ఇక సంశయించవలసినది ఏమున్నదని తోచవచ్చును.

కాని ఓటర్లలో పోలింగు కేంద్రాలకు వచ్చినవారు నూటికి సుమారు 64 మంది మాత్రమే. రానివారెవరు? 1991 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో ముస్లిములు నూటికి 43 పైచిలుకు, సెర్బులు 31, క్రొయేట్లు 17. ఏ జాతి పేరూ చెప్పక 'మేము యుగోస్లావులము' అని వ్రాయించుకొన్నవారు అయిదుగురు. రానివారి సంఖ్యను, సెర్బుల సంఖ్యను ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే సంగతి బోధపడుతుంది. సరయేవో వంటి నగరాలలో కొందరు సెర్బులు వచ్చి ఓటు వేసినమాట నిజమే. అయినను ఒక జాతి దాదాపు మొత్తంగా ఆ దినములలో ఇల్లు కదలలేదు. వారి నాయకులు బహిష్కరించుమన్నారు. వారి మాట చెల్లిన ప్రాంతాలలో పోలింగు జరుగనీయలేదు కూడా.

అంతకు కొద్ది నెలల ముందే, 1991 నవంబరులో, ఆ సెర్బు నాయకులే తమ జాతివారికి వేరుగా ఒక అభిప్రాయ సేకరణ జరిపించినారు. యుగోస్లావియాలోనే ఉండవలెనా అన్నది అందలి ప్రశ్న. అక్కడ కూడా ఫలితం ఇంచుమించు ఏకగ్రీవమే! ఒకే నేలమీద, నాలుగు నెలల వ్యవధిలో రెండు ఓటింగులు. రెండింటిలోనూ 'ప్రజలు' నిస్సందేహంగా తీర్పు చెప్పినారు. ఆ తీర్పులు ఒకదానికొకటి బొత్తిగా విరుద్ధాలు.

ఇంగ్లండుకు చెందిన రాజ్యాంగ పండితుడు సర్ ఐవర్ జెన్నింగ్స్ మనకు కొత్తవాడు కాడు. మన రాజ్యాంగంపై మద్రాసు విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలిచ్చి, అది మరీ పెద్దదని పెదవి విరిచినవాడు. ఆయన 1956లో ఒక సూక్ష్మం చెప్పినాడు. ప్రజలనే నిర్ణయించుకోనిండు అనుట పైకి న్యాయంగానే ఉండును గాని, ప్రజలనగా ఎవరో ముందుగా మరొకరెవరో నిర్ణయించనిదే వారు దేనిని నిర్ణయించలేరని ఆ మాటకు తాత్పర్యం. బోస్నియాలో చిక్కంతా ఇక్కడనే ఉన్నది. రిపబ్లిక్కు సరిహద్దుల లోపల ఉన్న పౌరులందరూ కలిసి ఒక 'ప్రజ' అనుకొంటే మార్చి 1 నాటి తీర్పు చెల్లుతుంది. మూడు జాతులు మూడు 'ప్రజలు' అనుకొంటే, మూడింటి సమ్మతి లేనిది తీర్పు కాదు. మొదటి వాదం ఇజెత్‌బెగోవిచ్ ప్రభుత్వానిది. రెండవది సెర్బు నాయకుడు రదొవాన్ కరాజిచ్‌ది.

ఈ ఓటింగు జరుపుమన్నది ఎవరో కూడా చెప్పవలె. యూరోపియన్ కమ్యూనిటీ వారు ఫ్రెంచి న్యాయవేత్త రొబేర్ బాదింటేర్ అధ్యక్షతన ఒక మధ్యవర్తి సంఘాన్ని నియమించినారు. స్వాతంత్ర్యం కోరు ప్రజల ఇచ్ఛ బోస్నియాలో పూర్తిగా రుజువు కాలేదనీ, బహుశః ప్రజాభిప్రాయ సేకరణ వలన ఆ లోటు తీరవచ్చుననీ ఆ సంఘం 1992 జనవరిలో అభిప్రాయపడినది. న్యాయస్థానాలకు రుజువు కావలె, రుజువుకు అంకె కావలె, అంకె వచ్చినది. 1992 ఏప్రిల్ 6న యూరోపు, మరునాడు అమెరికా బోస్నియాను గుర్తించినవి. ఆ వారంలోనే సరయేవో ముట్టడి ఆరంభమైనది.

స్లొవీనియాలో ఇంత బాధ కలుగలేదు. 1990 డిసెంబరులో అక్కడి ఓటర్లలో నూటికి 88 మంది స్వాతంత్ర్యం కోరినారు. జనులలో అత్యధికులు ఒకే జాతివారు. మరుసటి సంవత్సరం పది దినాల పోరుతో పని ముగిసినది. క్రొయేషియాలో 1991 మే నెలలో జరిగిన ఓటింగును అక్కడి సెర్బులు బహిష్కరించినారు. దాని వెంట యుద్ధం వచ్చినది. బోస్నియాలో ఏ జాతికీ సగం జనం లేదు. ఒక ఊరు ఒకరిది, ప్రక్క ఊరు మరొకరిది. పట్టణాలలో ఒకే మేడలో మూడు జాతులవారు. కుటుంబాలు కూడా వియ్యమందినవి. గీత గీయవలెనంటే ఇళ్ల మధ్యగానే గీయవలె. 'నీ రాజ్యంలో నేనెందుకు అల్పసంఖ్యాకుడిగా ఉండవలె, నా రాజ్యంలో నీవే ఉండరాదా?' అన్నట్టుగా సాగినది అక్కడి వాదం. 1990 చివర జరిగిన ఎన్నికలలో మూడు జాతుల పార్టీలకు వచ్చిన ఓట్లు చూస్తే, అవి ఎన్నికలా, మరొక జనాభా లెక్కలా అన్నట్లున్నవి.

అయితే ఒక్కమాట. ఓటింగును బహిష్కరించుట వేరు, తుపాకి పట్టుట వేరు. సెర్బుల భయాలలో కొంత న్యాయమున్నదని ఒప్పుకొన్నను, ఆ తరువాత జరిగినదానికి ఆ న్యాయం పనికిరాదు. మూడున్నర సంవత్సరాల యుద్ధంలో లక్ష మంది వరకు మరణించినారు. 1995 జూలైలో స్రెబ్రెనీత్సాలో బోస్నియా సెర్బు సైన్యం ఎనిమిది వేల మందికి పైగా ముస్లిం పురుషులను, బాలురను చంపివేసినది. దానిని అంతర్జాతీయ న్యాయస్థానాలు జాతిహననంగా నిర్ణయించినవి. కరాజిచ్‌కు 2019లో యావజ్జీవ శిక్ష ఖాయమైనది.

ఈతని ఇంటిపేరు వింటే భాషాభిమానులకు మరొక కరాజిచ్ జ్ఞాపకం వస్తాడు. పందొమ్మిదవ శతాబ్దికి చెందిన వూక్ కరాజిచ్ గ్రాంథికాన్ని త్రోసి, జనులు మాట్లాడే పలుకునే వ్రాతకెక్కించినవాడు. మన గిడుగువారి వంటివాడనవచ్చు. 1850లో సెర్బు, క్రొయేటు పండితులు వియన్నాలో కూర్చుండి ఇరువురికి సాహిత్యభాష ఒక్కటేనని ఒడంబడిక వ్రాసికొన్నారు. 1954లో నోవిసాద్‌లో ఆ మాటనే మరల చెప్పినారు. రాజ్యం విరిగిన పిమ్మట ఆ ఒక్క భాషకు నాలుగు పేర్లు వచ్చినవి: సెర్బియన్, క్రొయేషియన్, బోస్నియన్, మాంటినీగ్రిన్. రొట్టెను ఒకరు 'క్రూహ్' అంటారు, ఒకరు 'హ్లెబ్' అంటారు. కాఫీ ఒకరికి 'కావా', ఒకరికి 'కాఫా', ఇంకొకరికి 'కాహ్వా'. మన జిల్లాల మధ్యనే ఇంతకంటె ఎక్కువ భేదాలున్నవి. బోస్నియాలో సిగరెట్టు పెట్టెపై 'పొగత్రాగుట ప్రాణాంతకం' అన్న హెచ్చరికను మూడు భాషలలో మూడుసార్లు ముద్రిస్తారు. మూడూ ఒకే మాటలు. ఒకటి సిరిలిక్ లిపిలో ఉండుటే తేడా.

ఈవో ఆండ్రిచ్ సంగతి ఇంకను విచిత్రం. 1961లో నోబెల్ బహుమానం పొందిన ఈ నవలాకారుడు బోస్నియాలో, క్రొయేటు కేథలిక్కు కుటుంబంలో జన్మించి, బెల్‌గ్రేడులో నివసించి, సెర్బియన్ పలుకుబడిలో వ్రాసినాడు. ఆయన ప్రసిద్ధ నవల 'ద్రీనా నదిపై వంతెన'కు నాయకుడు మనుష్యుడు కాడు, విషెగ్రాద్‌లోని పదకొండు కమానుల రాతివంతెన. పదునారవ శతాబ్దిలో నిర్మించిన ఆ వంతెన మీద అన్ని మతాలవారు కూర్చుండి ముచ్చటించుకొనుట నవలలో చదువుతాము. 1992లో అదే వంతెన మీద ముస్లిములను చంపి నదిలోనికి త్రోసినారు. ఇప్పుడు ఆండ్రిచ్ ఏ సాహిత్యానికి చెందినవాడని వాదం. పాఠ్యపుస్తకాలు ఆయనను ఒకచోట సొంతం చేసికొంటవి, మరొకచోట అనుమానంగా చూస్తవి.

ఓటింగు అన్నదే దోషమని నేననను. 2006లో మాంటినీగ్రో సెర్బియా నుండి విడిపోదలచినప్పుడు, నూటికి 55 ఓట్లు వస్తేనే చెల్లునని యూరోపియన్ యూనియన్ వారు ముందే నియమం పెట్టినారు. ఇరుపక్షాలవారు అంగీకరించి పోటీ చేసినారు. కలిసి ఉండవలెనన్నవారు కూడా వచ్చి 'కాదు' అని ఓటు వేసినారు. వచ్చినది 55.5. రెండువేల పైచిలుకు ఓట్లతో గండం గడిచినది. సెర్బియా ఒప్పుకొన్నది, ఒక్క తుపాకి ప్రేలలేదు. అక్కడి 55 కంటె బోస్నియాలోని 99 బలహీనమైనదని చరిత్ర విద్యార్థులు గమనింపదగును.

1995 చివర డేటన్ సంధితో యుద్ధం ఆగినది. ఒకే రాజ్యంలో రెండు విభాగాలు, ముగ్గురు సభ్యుల అధ్యక్షవర్గం. మార్చి 1 స్వాతంత్ర్యదినం ఒక భాగంలో పండుగ, రెండవ భాగంలో మామూలు పనిదినం. ఆ రెండవ భాగంవారు తమ జనవరి 9 పండుగను రాజ్యాంగ న్యాయస్థానం కాదన్నా నిలుపుకొనుటకు 2016లో మరొక ఓటింగు జరిపినారు. అందులోనూ నూటికి 99 మందికి పైగా 'ఔను' అన్నారు!

ఉపాధ్యాయులు వినవలసినది ఇంకొకటి ఉన్నది. బోస్నియాలో కొన్నిచోట్ల 'ఒకే కప్పు క్రింద రెండు బడులు' నడుస్తున్నవి. భవనం ఒక్కటే, క్రొయేటు పిల్లలకు ఒక పాఠ్యక్రమం, ముస్లిము పిల్లలకు మరొకటి, కొన్నిచోట్ల ద్వారాలు కూడా వేరు. యాయ్‌త్సె అనే చిన్న పట్టణం ఉన్నది. 1943 నవంబరు 29న, జర్మనులతో పోరు సాగుతుండగానే, టిటో అనుచరులు సమావేశమై అన్ని జాతుల సమాఖ్యగా యుగోస్లావియాను ప్రకటించినది అక్కడనే. 2016లో ఆ ఊరి ఉన్నత పాఠశాల పిల్లలను జాతుల వారీగా విడదీసి, వేరొక బడి తెరువవలెనని అధికారులు సంకల్పించినారు. పిల్లలు, క్రొయేట్లూ ముస్లిములూ కలిసి, వద్దని వీధులలోనికి వచ్చినారు. వారిలో చాలమందికి అప్పటికి ఓటు హక్కు రాలేదు. 2017లో అధికారులు ఆ సంకల్పం విరమించుకొన్నారు.