పాత కంప్యూటరుపై పంట వీడియోలను సిద్ధపఱచు విధము

ఫోనుతో వీడియో తీయగల యువకులు ఇప్పుడు ప్రతి గ్రామమునందును కలరు. ప్రదర్శన క్షేత్రములో విత్తనశుద్ధి జరిగినను, పైరుపై పురుగు కనబడినను వారు వెంటనే చిత్రించుచున్నారు. అయితే ఆ చిత్రములు ఫోనులలోనే నిలిచిపోవుచున్నవి. సంఘ కార్యాలయములోని కంప్యూటరు పాతది, 4 జీబీల ర్యాము మాత్రమే గలది. వీడియో తెఱచినంతనే బొమ్మ ఆగిపోవును. క్రొత్త యంత్రము కొనవలెనా యని కార్యదర్శులు మమ్ము తఱచుగా అడుగుచుందురు. సభ్యుల వాటాధనముతో కొనెడు వస్తువును గూర్చి తొందరపడి ఔననుటకు మాకు మనసొప్పదు. మనము మోపు బరువు తగనిదగుటచేతనే పాతయంత్రము మొరాయించుచున్నది గాని, పని చేతగాక కాదు.

ఇది కాలముతో ముడిపడిన పని. మొక్కజొన్నను తినెడు కత్తెర పురుగు మన దేశమున 2018లో కర్ణాటకమునందు మొదట కనబడినది. దాని గ్రుడ్లు రెండు మూడు దినములలో పిగులును. పిల్ల పురుగు ఆకుపై నున్నప్పుడు అణచుట సులభము. సుడిలో దూరిన పిమ్మట మందు దానికి సరిగా అందదు. సోమవారము ఒక చేనిలో తీసిన వీడియో గురువారమునకు ప్రక్క గ్రామములకు చేరినచో ఉపయోగము. పదునైదు దినముల తరువాత చేరునది ఎంత అందముగా నున్నను ఏమి లాభము?

యంత్రమునకు బరువెక్కడ నుండి వచ్చునో మొదట తెలిసికొందము. 1920×1080 కొలత గల ఒక్క బొమ్మలో ఇరువది లక్షలకు పైగా చుక్కలుండును. క్షణమునకు అట్టివి 30 బొమ్మలు. వీనిని ఉన్నవున్నట్లు దాచినచో క్షణమునకు 18 కోట్ల బైట్లు మించును. అందుచేత ఫోను ఒక పూర్తిబొమ్మను వ్రాసికొని, తరువాతి బొమ్మలలో మాఱిన భాగములను మాత్రమే వ్రాయును. సంఘపు చిట్టాలో నెల మొదట నిలవ కట్టి, పిమ్మట దినదినము జమాఖర్చులు మాత్రమే వ్రాసినట్లని యనుకొనుడు. పదునేడవ తేదీ నిలవ తెలియవలెనన్నచో మొదటినుండి కూడికలు, తీసివేతలు చేసికొని రావలసినదే గదా. మీరు వీడియో నడుమ ఒకచోట వ్రేలు పెట్టినప్పుడెల్ల యంత్రము ఆ లెక్కయంతయు చేయుచున్నది.

ఆ లెక్కలోను రెండు పద్ధతులు కలవు. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి పాతయంత్రములకు పరిచితము. 2013లో వచ్చిన హెచ్.265 తక్కువ చోటులో ఇముడును గాని, దానిని విప్పుట కష్టము. 2015కు పూర్వపు యంత్రములలో పెక్కింటికి అందుకు తగిన అమరిక లేదు. కావున చిత్రించుటకు ముందే ఫోను అమరికలలో హెచ్.264ను, 1080 కొలతను ఎంచుకొనుడు. 4కె అను కొలత దీనికి నాలుగు రెట్లు. పురుగు తలపై తలక్రిందులైన ‘వై’ గుఱుతును, తోకకు ముందు కణుపుపై చతురస్రముగా నున్న నాలుగు మచ్చలను చూపుటకు 4కె కావలెనని కొందఱందురు. ఫోనును జేనెడు దగ్గఱకు తీసికొనిపోయినచో అవి 1080లోనే స్పష్టముగా కనబడును. కాళ్లతో నడచి దగ్గఱకు పోవుటకు బద్ధకించి యంత్రముపై బరువు వేయుట మాకు నచ్చదు.

ఇక కూర్పు. ఊరక మొదలు, తుద కోసివేయుటయే పని యైనచో లాస్‌లెస్‌కట్ అను ఉచిత సాధనము చాలును. అది బొమ్మలను తిరిగి లెక్కకట్టక, పూర్తిబొమ్మ యున్నచోట కోసి, ఉన్నదానిని ఉన్నట్లు తీసికొనును. కోత ఒకటి రెండు క్షణములు ఇటునటు పడవచ్చును, దానిని సహింపవలెను. పని నిమిషములో ముగియును.

పలు తునుకలను చేర్చి, పేర్లు వ్రాసి, మాట కలుపవలసినప్పుడు షాట్‌కట్, కెడెన్‌లైవ్ అనునవి కలవు, ఇవియు ఉచితములే. వీనిలో ప్రాక్సీ యను ఏర్పాటే పాతయంత్రమునకు ప్రాణము. అన్నదమ్ములు పొలము పంచుకొనునప్పుడు సర్వేయరు మొదట పటముపై గీతలు గీయును. అవి కుదిరిన పిమ్మట పొలములో రాళ్లు పాతుదురు. ప్రాక్సీ అట్టి పటము. సాధనము మీ వీడియోకు ఒక చిన్న ప్రతి చేసి, కూర్పంతయు దానిపై జరిపించి, తుది ప్రతిని మాత్రము అసలు వీడియోనుండి తీయును. అందుచేత పని ముగియకుండ అసలు వీడియోను తుడిచివేయరాదు, చోటు మార్చరాదు. ఫోను వీడియోలో బొమ్మల వేగము నిలుకడగా లేనిచో మాటయు పెదవియు వేఱుపడును. షాట్‌కట్ దానిని గుర్తించి, కూర్పునకు అనువుగా మార్చెదనా యని తానే అడుగును. ఒప్పుకొనుడు.

బొమ్మలు గిఱ్ఱున తిరుగుట, ఒకటి కరగి మఱియొకటి పుట్టుట మొదలగు అలంకారములు మానుడు. ఇవన్నియు యంత్రమును పీల్చివేయును, రైతునకు వాటితో పని లేదు.

తుది ప్రతిని తీయుటను ఎక్స్‌పోర్టు అందురు. 1280×720 కొలత, హెచ్.264, నాణ్యతాంకము సుమారు 23 చాలును. ఈ అంకము పెరిగినకొలది ఫైలు చిన్నదగును, బొమ్మ చెడును. పరిమాణము ముందే తెలియవలెనన్నచో క్షణమునకు 2000 కిలోబిట్లని నియమింపుడు: అప్పుడు నిమిషమునకు 15 మెగాబైట్లు, పది నిమిషములకు 150. మాటకు వేఱుగా 128 కిలోబిట్లిచ్చినను నిమిషమునకు ఒక మెగాబైటు కూడ కాదు, కనుక అక్కడ పిసినితనము వలదు. బొమ్మ కొంచెము మసకబాఱినను రైతులు చూతురు. మాట వినబడనిచో లేచిపోవుదురు.

పది నిమిషముల వీడియోకు పాతయంత్రము గంటయో రెండు గంటలో తీసికొనును. రాత్రి పని పెట్టి పోవుడు. ల్యాపుటాపును పఱుపుపై గాక చెక్క బల్లపై నుంచి, గాలి పోవు సందులలోని దుమ్ము తుడువుడు. వేడెక్కిన యంత్రము తనంతట తాను వేగము తగ్గించుకొనును.

అన్నిటికంటె మిక్కిలి బాధ పెట్టునది కరెంటు పోవుట. ఎంపీ4 ఫైలునకు విషయసూచిక తఱచుగా చివర వ్రాయబడును. నూటికి తొంబదితొమ్మిది వంతులు పూర్తియైన పిమ్మట దీపము ఆఱినను, సూచిక లేని ఆ ఫైలు తెఱవబడదు. రాత్రియంతయు చేసిన పని వ్యర్థము. అందుచేత మట్రోస్కా, అనగా ఎంకేవీ, రూపమున ఎక్స్‌పోర్టు చేయుడు. కరెంటు పోయినను అంతవఱకు వ్రాసినది నిలుచును. ముగిసిన పిమ్మట లాస్‌లెస్‌కట్‌తో దానిని ఎంపీ4లోనికి మార్చుకొనవచ్చును. తిరిగి లెక్కకట్టుట లేదు గనుక ఆలస్యము కాదు. కోతలు మిక్కుటముగా నుండు గ్రామములలో వీడియోను మూడేసి నిమిషముల భాగములుగా తీసి, ఒకే అమరికలతో నున్న ఆ భాగములను అదే సాధనముతో అతికించుట ఇంకను మేలు.

ఇంతచేసియు యంత్రము నడువనిచో, పాత హార్డు డిస్కు స్థానమున ఎస్‌ఎస్‌డి వేయించి, చోటున్నచో ర్యామును 8 జీబీలకు పెంచుడు. క్రొత్త కంప్యూటరు వెలలో ఇది కొద్ది భాగమే.

సిద్ధమైన వీడియోను వాట్సాపులో మామూలుగా పంపినచో అది మరల నలిపివేయబడి, పురుగు తలపై గుఱుతు చెరగిపోవును. డాక్యుమెంటుగా పంపుడు, 2022 నుండి 2 జీబీల వఱకు పోవుచున్నది. ఫోను లేనివారి కొఱకు ఒక ప్రతిని పెన్‌డ్రైవులో నుంచి, సాయంకాలము సంఘ కార్యాలయమున టీవీకి తగిలించి చూపవచ్చును.