తగులని చీటీల లెక్క

ఊత్తంగరై బస్సు నిలయమున దిగి, కృష్ణగిరి నుండి తిరువణ్ణామలైకి పోవు దారి ప్రక్కన నిలుచున్నవానికి నేడు మామిడిపండ్ల తట్టలును, పూలమాలలును, టీ అంగళ్లును, సెల్‌ఫోను దుకాణములును కనబడును గాని, ముప్పదియేండ్ల క్రిందట ఇట్టి చోటులందెల్ల పురికొసలకు గ్రుచ్చిన రంగురంగుల లాటరీ చీటీలు మామిడాకు తోరణములవలె గాలికి ఊగుచుండెడివని చెప్పిన, నేటి పిల్లలు నమ్మరు. సిక్కిము, నాగాలాండు, మేఘాలయ, భూటాను అను పేర్లను ఈ ప్రాంతపు పామరజనము భూగోళపాఠమునుండి గాక ఆ చీటీల మీదనుండియే నేర్చుకొనిరి. ఆ చోటుల రాజధానులు చెప్పలేక బడిలో దెబ్బలుతిన్న కుఱ్ఱవాడే సాయంకాలము ఫలితముల పత్రికపై వేలు జరుపుచు, "ఒగ నెంబరులో పాయ, నాయనా!" అని తండ్రికి విన్నవించుచుండెడివాడు. ఒక్క అంకె తప్పినను వేయి అంకెలు తప్పినను ఫలము సున్నయే యని ఆ తండ్రికి ఎవరును చెప్పలేదు; చెప్పినను వినియుండడు.

ఈ సీమకు పద్దు క్రొత్తది కాదు. 1792లో టిప్పు సుల్తానునుండి ఈ ప్రాంతమును గూడిన బారామహలు సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చినపిమ్మట, కలెక్టరు రీడును, ఆయన సహాయకుడు థామస్ మన్రోయును ఇచ్చటి పొలములు కొలిపించి, ఏ రైతు ఎంత చెల్లింపవలెనో నిర్ణయించి, రైత్వారీ పద్ధతికి ఇచ్చటనే పునాది వేసిరి. ఆ శిస్తు భారమైనదే కావచ్చును; కాని ఎవని చేతినుండి ఎంత వచ్చెనో ఆ చిట్టాలో వ్రాసియుండెను. లాటరీ పద్దు స్వభావము దీనికి పూర్తిగా విరుద్ధము. అందులో బహుమానము తగిలినవాని పేరు, ఊరు, ఛాయాచిత్రము సైతము ఉండును. తగులనివాడు ఎవడో, ఏ కూలిడబ్బులనుండి ఆ రూపాయి తీసెనో వ్రాయుటకు ఆ పద్దులో గడియే లేదు.

లాటరీకిని ప్రభుత్వమునకును గల చెలిమి పాతది. కలకత్తా నగరమున టౌనుహాలు లాటరీ ధనముతోనే లేచినది. 1817లో ఏర్పడిన లాటరీ కమిటీ ఆ పట్టణమున వీథులు వేయించినది. అయినను 1870లో శిక్షాస్మృతిలో చేర్చబడిన 294ఎ నిబంధన లాటరీ కార్యాలయము నడుపుటను నేరముగా ప్రకటించి, ప్రభుత్వము అనుమతించినదానిని మాత్రము మినహాయించెను. ఒరులు నడిపిన జూదము, తాము నడిపిన ప్రజాహితము!

స్వతంత్ర భారతమున ఈ మార్గము త్రొక్కినది కేరళము. 1967లో లాటరీ శాఖను నెలకొల్పి, ఆర్థికమంత్రి పి.కె. కుంజు ప్రోత్సాహమున రూపాయి చీటీకి ఏబదివేల రూపాయల ప్రథమ బహుమతిగా 1968 జనవరి 26న తొలి డ్రా తీసిరి. ఆ యేడే మద్రాసు రాష్ట్రమున అణ్ణాదురై ప్రభుత్వము తన లాటరీని ప్రారంభించినది. తగిలెనా ఇంటికి, తగులకున్న నాటికి (అనగా దేశమునకు) అను భావముగల దాని ప్రచారవాక్యము అరవమున ప్రాసతో కూడి, ఇంటింట సామెతవలె నిలిచిపోయెను. పోయిన రూపాయికి సయితము పుణ్యము అంటగట్టిన ఆ చాతుర్యమును మెచ్చుకొనక తీరదు. కాని నాటికి చేరినది ఎంత?

తమిళనాట లాటరీ ఇప్పుడు లేదు గనుక, ఈ ప్రశ్నకు సమాధానము కేరళపు వార్షిక లెక్కలలో వెదకవలెను. 2019-20లో అచ్చటి లాటరీ శాఖ సుమారు 9,974 కోట్ల రూపాయల విక్రయము జరిపి, సుమారు 1,764 కోట్ల లాభము చూపినది. మరుసటి యేడు కోవిడ్ వలన విక్రయము 4,911 కోట్లకు దిగగా, లాభము 473 కోట్లకు జారినది. అనగా అమ్మకము సగమైనప్పుడు లాభము నాలుగవ వంతుకు చేరువైనది. మొదటి యేట నూటికి పదునెనిమిది రూపాయలు మిగిలినచోట, రెండవ యేట పది కూడ మిగులలేదు. తక్కినదెల్ల బహుమతులకు, ఏజెంట్ల కమీషనుకు, ముద్రణకు, ప్రచారమునకు పోయినది. బొక్కసమున ఒక రూపాయి వేయుటకై జనుల జేబులనుండి ఆరో, పదో రూపాయలు తోడవలసిన కాలువ ఇది. ఇంత నీరింకు కాలువను ఊత్తంగరై చెంతనున్న పంబారు ఆయకట్టు రైతు ఒక్కడైన ఒప్పుకొనునా?

లాభముగాక జీఎస్టీ వేఱుగ నున్నదని వాదింపవచ్చును. 2020 మార్చినుండి లాటరీకి నూటికి ఇరువదియెనిమిది వంతున పన్ను పడగా, నలువది రూపాయల చీటీలో ఎనిమిది రూపాయల డెబ్బదియైదు పైసలు పన్నే యయ్యెను. అందు సగము రాష్ట్రమునకు, సగము కేంద్రమునకు. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ రేటు నలువదికి పెరిగినది. నిజమే, అయితే సబ్బుబిళ్ల కొన్నను పన్ను వచ్చును, పైగా ఇంటికి సబ్బు మిగులును.

ప్రయోజనమే లేదనుట అన్యాయము. కేరళమున కె.ఎం. మాణి ఆర్థికమంత్రిగా నున్నప్పుడు ఆరంభమైన కారుణ్య లాటరీ ధనమున క్యాన్సరు, మూత్రపిండ, హృద్రోగ పీడితులైన పేదలకు చికిత్స లభించినది. చీటీలమ్ముకొని బ్రదుకువారిలో వికలాంగులు, వృద్ధులు అనేకులు. వారికొక సంక్షేమనిధి మండలి కలదు. ఎండలో కఱ్ఱపట్టుకొని నిలిచి పది చీటీలమ్మిన వానిని చూచి జూదమును తిట్టుటకు నాకు నోరు రాదు. కాని రోగికి మందు ఇచ్చుటకు మఱియొక పేదవాని ఆశను అమ్మవలసిన అవసరమేమో నాకు బోధపడలేదు.

లాటరీని మూయుట మాత్రమే పుణ్యమని భ్రమింపరాదు. హోసూరు దగ్గఱ తొరపల్లిలో జన్మించిన రాజాజీ, ముఖ్యమంత్రియై, 1937 అక్టోబరు 1న మద్యనిషేధమును మొట్టమొదట అమలుపరచినది సేలము జిల్లాలో. ఊత్తంగరై నాడు ఆ జిల్లాలోనిదే. కల్లు రాబడి పోయినలోటును పూరించుటకు ఆయన 1939లో అమ్మకపుపన్ను తెచ్చెను: ఒక ద్వారము మూసినప్పుడు, మఱియొకటి ఏది తెఱచిరో బాహాటముగ చెప్పిన నిజాయితీ అది. 2003 జనవరిలో జయలలిత ప్రభుత్వము లాటరీని నిషేధించినది. అప్పులపాలై ఉసురుతీసికొన్న కుటుంబముల గోడు విన్నవారెవరును ఆ నిర్ణయమును తప్పుపట్టలేదు. ఆ యేడే నవంబరులో మద్యపు చిల్లర విక్రయమును ప్రభుత్వసంస్థయగు టాస్మాక్ చేపట్టెను. 2023-24లో మద్యము వలన వచ్చిన రాబడి సుమారు 45,856 కోట్లు. పైని చెప్పిన కేరళ లాటరీ లాభమునకు ఇరువదియైదు రెట్లకు మించినది.

ఇక ఆశకు ఎల్లలెక్కడివి? హోసూరు దాటి అత్తిబెలె చేరిన, 2007 వరకు కర్ణాటకమున నిషేధమే లేదు. అటుపిమ్మట దారి దూరమైనది, అంతే. 2023 కేరళ తిరువోణము బంపరు లాటరీలో ఇరువదియైదు కోట్ల ప్రథమ బహుమతి తగిలిన చీటీ సరిహద్దున వాలయారులో అమ్ముడయినది. కొన్నవారు తిరుప్పూరు మనుష్యులు. ఏజెంటు కమీషను రెండున్నర కోట్లు, మిగిలినదానిపై నూటికి ముప్పది వంతున పన్ను ఆరేముక్కాలు కోట్లు తీసివేయగా, చేతికి వచ్చునది పదునైదు కోట్ల డెబ్బదియైదు లక్షలు. ఈ వార్త వచ్చిన నాడు మా వైపు టీ అంగళ్లలో వాలయారుకు ఏ బస్సెక్కవలెనని విచారించినవారే గాని, ఆ డ్రాలో తగులని లక్షల చీటీల మాట ఎత్తినవారు లేరు.

వాలయారు వఱకు పోలేనివానికి మూడు నంబర్ల లాటరీ యని యొకటి రహస్యముగ నడుచుచున్నది. మధ్యాహ్నము మూడు గంటలకు తిరువనంతపురమున డ్రా తీయుదురు. అచ్చటి ఫలితపు చివరి అంకెలు క్షణములో ఇచ్చటి ఫోనులకు చేరును. చిత్తుకాగితముపై వ్రాసియిచ్చిన మూడంకెలతో వానిని సరిచూచుకొందురు. ఈ కాగితమునకు ముద్ర లేదు, పన్ను లేదు, కారుణ్యనిధి లేదు. తగిలిన ఇంటికే, తగులకున్న, కాగితము వ్రాసినవాని ఇంటికి.